గడ్డను దాచవద్దు, మాత్రను ఆపవద్దు
(హోసూరులో తెలుగు స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



డెంకణికోట, శూలగిరి, బాగలూరు, వేపనపల్లి, బర్గూరు పక్కల నుండి పొద్దున్నే బస్సులెక్కి వచ్చారు. ఈ రోజు కూలి వదులుకొని వచ్చినవారు కూడా మీలో ఉన్నారు. అందుకే చుట్టు తిప్పకుండా విషయానికి వస్తాము. మేము డాక్టర్లం కాము. మాలో ఇద్దరు నర్సుగా పనిచేసి రిటైరైనవారు. మిగిలినవాళ్ళం రోగులకు తోడుగా ఆసుపత్రులకు వెళ్ళేవాళ్ళం. చీటీ రాయించడం, వరుసలో నిలబడడం, రిపోర్టు పట్టుకొని ఇది ఏమిటండీ అని అడగడం, ఇదే మా పని. ఆ వరుసల్లో నిలబడి నేర్చుకున్నదే ఈ రోజు మీతో చెబుతున్నాము.

ముందు ఒక అక్క సంగతి. పేరు చెప్పకుండా అందరికీ చెప్పమని ఆమే అన్నది. శూలగిరి దగ్గర గులాబీ తోటలో పనిచేసే మనిషి. వయసు నలభై దాటింది. మూడేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. ఒకనాడు నీళ్ళు పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో శనగగింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పక్కింటామె ఎప్పుడో, థైరాయిడ్ ఉన్నవాళ్ళకు ఒంట్లో గడ్డలు లేస్తాయి అన్నదట. ఆ మాట పట్టుకొని, తనకు తానే ఒక మాత్రను రెండు చేసుకుంది. ఎనిమిది నెలలు గడిచాయి. గుండె దడదడలాడి పడిపోబోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ నర్సమ్మ వేరే గడ్డ ఏమైనా ఉందా అని అడిగితే అప్పుడు చూపించింది. అప్పటికది నిమ్మకాయంత అయింది. చంకలో కూడా ఒకటి చేతికి తగులుతోంది.

మేము కలిసినప్పుడు ఆమె అన్న మాట ఇది. "అది థైరాయిడ్ గడ్డే అనుకుంటిని లేక్కా. మాత్ర మింగుతా ఉండాను కదా, కరిగిపోతుందిలే అనుకుంటిని."

ఈ సంగతిలో రెండో సగం ఇంకా ఉంది, తరువాత చెబుతాము. ఈ సగంలో నేర్చుకోవలసింది ఏమిటంటే, మెడలో ఉన్న గ్రంథి వేరు, రొమ్ము వేరు. ఒకదాని పరీక్ష రెండోదాని సంగతి చెప్పదు. ఒకదాని మాత్ర రెండోదానికి మందు కాదు. మన ఇళ్ళలో ఆడవాళ్ళకు ఏ బాధ వచ్చినా అన్నిటినీ ఒకే పేరు కింద కట్టేయడం అలవాటైంది. లావైతే థైరాయిడ్, జుట్టు ఊడితే థైరాయిడ్, దిగులుగా ఉంటే థైరాయిడ్. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ పరీక్ష చేయించకుండా పేరు పెడితే, ఆ పేరు చాటున ఇంకో జబ్బు పెరుగుతుంది.

ముందు థైరాయిడ్ గురించి. ఇది గొంతు ముందుభాగంలో, సీతాకోకచిలుక రెక్కలు చాపినట్టు ఉండే చిన్న గ్రంథి. ఇది తయారుచేసే హార్మోను ఒళ్ళంతా పనిచేసే వేగాన్ని నడుపుతుంది. అది తక్కువైతే మనిషి నెమ్మదిస్తుంది. ఎంత పడుకున్నా అలసట తీరదు, చలి తట్టుకోలేరు, మలబద్ధకం, ముఖం ఉబ్బడం, నెలసరి ఎక్కువగా రావడం, బరువు పెరగడం ఉంటాయి. ఎక్కువైతే దీనికి వ్యతిరేకం. గుండె దడ, చేతులు వణకడం, చెమటలు, తింటున్నా బరువు తగ్గడం కనిపిస్తాయి. మన దేశంలో ఎనిమిది నగరాల్లో చేసి 2013లో వెలువరించిన ఒక పెద్ద పరిశీలనలో, పెద్దవయసువారిలో దాదాపు పదిమందికి ఒకరిలో థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నట్టు తేలింది. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువ. ఇక్కడ కూర్చున్నవారిలోనూ మాత్ర వాడేవారు చాలామందే ఉంటారు.

టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. తక్కువగా పనిచేసేవారికి ఇచ్చే థైరాక్సిన్ మాత్ర ఖరీదైనది కాదు. కానీ వేసుకునే పద్ధతి తప్పితే ఒంటికి పట్టదు. పొద్దున్నే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోవాలి. ఆ తరువాత కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. ఐరన్ మాత్రకు, కాల్షియం మాత్రకు, దీనికి మధ్య నాలుగు గంటలు తేడా ఉండాలి. మోతాదు మార్చినప్పుడు ఆరు వారాల తరువాత మళ్ళీ పరీక్ష చేయించాలి. బాగుందని ఆపకూడదు, బాగాలేదని రెండు చేసుకోకూడదు. గర్భం వచ్చిందని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి. తల్లికి మోతాదు పెంచవలసి రావచ్చు, కడుపులోని బిడ్డ మెదడు ఎదగడానికి ఆ హార్మోను అవసరం. మెడ ముందు గడ్డ కనిపిస్తే స్కానింగు, అవసరమైతే సూది పరీక్ష చేస్తారు. థైరాయిడ్‌లో వచ్చే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. అయినవాటిలో కూడా ఎక్కువ భాగం చికిత్సకు బాగా లొంగుతాయి.

ఇక్కడ ఉప్పు గురించి ఒక మాట. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారి పేరు మనం గుర్తుపెట్టుకోవాలి. 1956 నుండి ఆయన, ఆయన తోటివారు హిమాలయాల పాదాన ఉన్న కాంగ్రా లోయలో కొన్ని ఊళ్ళకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్ని ఊళ్ళకు మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ళలో మెడ వాపులు తగ్గాయి. ఆ పనివల్లనే 1962లో జాతీయ గాయిటర్ నివారణ పథకం మొదలైంది. ఇప్పుడు మళ్ళీ కొందరు ఆరోగ్యమని చెప్పి అయోడిన్ లేని రాళ్ళ ఉప్పుకు మారుతున్నారు. ప్యాకెట్టు మీద అయోడిన్ ఉందో లేదో చూసి కొనండి. మూతపెట్టి ఉంచండి. అయితే ఇప్పటికే థైరాయిడ్ జబ్బు ఉన్నవారు ఉప్పు ఎక్కువ తింటే నయమవుతుందని అనుకోవద్దు, అది బి.పి.ని పెంచుతుంది.

ఇక రొమ్ము సంగతి. ఈ మాట పలకడానికే మనకు సిగ్గు. ఛాతీ అంటాము, ఎద అంటాము, అక్కడ అంటాము. డాక్టరు దగ్గర కూడా అక్కడ నొప్పి అంటే ఆయనకు ఏమి అర్థమవుతుంది? ఈ జబ్బు వచ్చినందుకు సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అదే ఏడాది సుమారు 98,000 మంది దానితో చనిపోయారు. మన దేశపు స్త్రీలలో అన్ని క్యాన్సర్లలోకీ ఎక్కువగా వచ్చేది ఇదే. ముందు దశలో వచ్చినవారు చాలామంది బాగుపడి ఇంటికి వెళ్తారు. మన దగ్గర చాలామంది ఆలస్యంగా వస్తున్నారు, అదే పెద్ద దుఃఖం.

ఏమి చూసుకోవాలి? నొప్పి లేని గట్టి గడ్డ. చంకలో గడ్డ. చనుమొన లోపలికి లాక్కుపోవడం. చనుమొన నుండి రక్తం రావడం. చర్మం కమలాపండు తొక్కలా గుంటలు పడడం. ఒక రొమ్ము మాత్రమే ఉన్నట్టుండి ఎర్రబడి వాయడం. చనుమొన మీద మానని పుండు. వీటిలో ఏది కనిపించినా ఆ వారమే చూపించుకోవాలి. నొప్పి లేదు కాబట్టి పరవాలేదు అనుకోవద్దు, మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. అలాగని గడ్డ కనబడగానే ప్రాణం పోయినట్టు ఏడవవద్దు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. ఏది ఏమిటో తేల్చేది పరీక్ష ఒక్కటే. బిడ్డకు పాలిస్తున్నవారికి, పిల్లలు లేనివారికి, పెళ్ళి కానివారికి, ముసలివారికి కూడా రావచ్చు. అరుదుగా మగవారికీ వస్తుంది. అన్నదమ్ములూ, ఈ మాట మీ కోసం కూడా.

పరీక్షలు మూడు మెట్లు. చేతితో చూడడం మొదటిది. స్కానింగు లేదా మామోగ్రామ్ రెండోది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం, అంటే బయాప్సీ, మూడోది. సూది పెడితే క్యాన్సర్ ఒళ్ళంతా పాకుతుందని మన ఊళ్ళలో గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. ఆ భయంతోనే కొందరు సూది పరీక్ష మానుకొని, ఆకు పసరు కట్టించుకొని, గడ్డ పగిలి పుండు పడ్డాక వస్తున్నారు. బయాప్సీ లేకుండా సరైన చికిత్స మొదలుపెట్టడం కుదరదు. ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ అంతా ఒకటే రకం కాదు. ఆ ముక్క మీద ఇ.ఆర్., పి.ఆర్., హెర్ టూ అని మూడు పరీక్షలు చేస్తారు. మొదటి రెండూ పాజిటివ్ అంటే, ఆ జబ్బు ఆడ హార్మోన్లను తిని పెరుగుతోందని అర్థం. వారికి హార్మోన్ మాత్ర పనిచేస్తుంది. మూడోది పాజిటివ్ అయితే దానికి ట్రాస్టుజుమాబ్ అనే ప్రత్యేకమైన ఇంజెక్షన్ ఉంది. ఒకప్పుడు అది పేదవారికి అందని మందు. 2014లో బెంగుళూరు కంపెనీ ఒకటి దాన్ని మన దేశంలో తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. మూడూ నెగెటివ్ అయితే కీమోథెరపీ ముఖ్యమైన ఆయుధం. మీ రిపోర్టులో ఈ మూడు మాటలు ఎక్కడున్నాయో డాక్టరును అడిగి, వేలు పెట్టి చూపించమనండి.

చికిత్సలో నాలుగు పనులు ఉంటాయి. అందరికీ నాలుగూ అవసరం కావు, ఒకే వరుసలోనూ రావు.

మొదటిది ఆపరేషన్. రొమ్ము పూర్తిగా తీసేయాలి అని చాలామంది భయపడతారు. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడు చాలామందికి గడ్డనూ దాని చుట్టూ కొంత భాగాన్నీ మాత్రమే తీసి, తరువాత రేడియేషన్ ఇస్తే చాలు. ఇటలీలోను, అమెరికాలోను రోగులను 20 ఏళ్ళు గమనించి 2002లో ఫలితాలు చెప్పారు. రొమ్ము నిలుపుకున్నవారు, పూర్తిగా తీయించుకున్నవారు ఒకే మోతాదులో బ్రతికి ఉన్నారు. తొందరగా వస్తే రొమ్ము కూడా నిలుస్తుంది అనడానికి ఇదే ఆధారం. ఆలస్యమైతే డాక్టరుకు ఆ వీలు తగ్గిపోతుంది.

రెండోది కీమో. సెలైన్ ద్వారా మందు ఎక్కిస్తారు. కొందరికి ఆపరేషన్‌కు ముందు ఇచ్చి గడ్డను చిన్నది చేస్తారు, కొందరికి తరువాత ఇస్తారు. జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. ఒక్క విషయం మాత్రం గోడ మీద రాసిపెట్టుకోండి. కీమో జరుగుతున్న రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయలుదేరాలి. తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటాయి గనుక మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి వస్తుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో తన బృందంతో చేసిన పరిశోధనల్లోంచి మెథోట్రెక్సేట్ అనే మందు వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు చాలా ఏళ్ళు కలిపి ఇచ్చిన మూడు కీమో మందుల్లో అది ఒకటి. కీమో అనేది మనకు పరాయిది అనుకునేవారికి మేము ఈ సంగతి చెబుతుంటాము.

మూడోది రేడియేషన్. మనవాళ్ళు కరెంటు పెట్టడం అంటారు. అందులో కరెంటు షాకు ఏమీ ఉండదు, నొప్పి తెలియదు. రోజుకు కొద్ది నిమిషాలు. వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుండి అయిదు వారాలు పట్టవచ్చు. కూలి చేసుకునే మనిషికి ఇదే కష్టం. వైద్యం కంటే బస్సు చార్జీ, బస, పోయిన కూలి బరువవుతాయి. సగంలో మానేసేవారు ఎక్కువగా ఇక్కడే మానేస్తున్నారు.

నాలుగోది హార్మోన్ మాత్ర. టామోక్సిఫెన్ వంటివి రోజుకొకటి, అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు. చవకైన మాత్ర. ఆపరేషన్ అయింది, కీమో అయింది, జుట్టు కూడా వచ్చింది, ఇక ఈ మాత్ర ఎందుకు అని ఆపేస్తారు. జబ్బు తిరిగి రాకుండా కాపాడేది అదే. ఆ మాత్ర వాడుతుండగా గర్భం రాకూడదు. నెలసరి ఆగిపోయినవారికి మళ్ళీ రక్తం కనిపిస్తే వెంటనే చెప్పాలి.

ఇప్పుడు మన శూలగిరి అక్క సంగతిలో రెండో సగం. కీమో మొదలైనప్పుడు ఆమె థైరాయిడ్ మాత్ర ఆపేసింది. ఎవరూ ఆపమనలేదు. ఇంత పెద్ద జబ్బుకు మందు పోతుంటే చిన్నదానికి ఎందుకులే అనుకున్నది. కీమో అయిపోయి, రేడియేషన్ అయిపోయి మూడు నెలలైనా లేచి నిలబడలేకపోయింది. ముఖం ఉబ్బింది, చలి, మతిమరుపు, దిగులు. ఇంట్లో అందరూ క్యాన్సర్ మళ్ళీ వచ్చిందనే అనుకున్నారు. ఆమె అత్తగారు చీర కూడా తీసి పెట్టిందని తరువాత నవ్వుతూ చెప్పింది. పరీక్ష చేయిస్తే టి.ఎస్.హెచ్. ఎంతో పెరిగిపోయి ఉంది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టిన రెండు నెలలకు తోటకు నడిచి వెళ్ళింది.

చూశారా. మొదట క్యాన్సర్ గుర్తును థైరాయిడ్ అనుకున్నది. తరువాత థైరాయిడ్ గుర్తును క్యాన్సర్ అనుకున్నది. రెండుసార్లూ పరీక్ష చేయించుకునేదాకా దారి తెలియలేదు.

థైరాయిడ్ ఉన్నంతమాత్రాన రొమ్ము క్యాన్సర్ వస్తుందని భయపడనక్కరలేదు. ఆ మాత్ర వేసుకోవడం మానవద్దు. కానీ ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కాలర్ ఎముక పైభాగానికి రేడియేషన్ తీసుకున్నవారిలో కొన్నేళ్ళకు థైరాయిడ్ మందగించవచ్చు. కొత్తగా వచ్చిన ఇమ్యునోథెరపీ మందులు కూడా థైరాయిడ్‌ను దెబ్బతీయవచ్చు. టామోక్సిఫెన్ మొదలుపెట్టాక కొందరికి థైరాక్సిన్ మోతాదు సరిచూడవలసి వస్తుంది. జుట్టు కోసం అమ్మే బయోటిన్ మాత్రలు వేసుకుంటే థైరాయిడ్ రక్తపరీక్ష తప్పు చూపించవచ్చు, కాబట్టి రక్తం ఇచ్చేముందే చెప్పండి. క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు థైరాయిడ్ మాత్ర చీటీ, థైరాయిడ్ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు క్యాన్సర్ ఫైలు, రెండూ ఒకే సంచిలో ఉండాలి.

ఆ సంచి మనకు ఎందుకు మరీ ముఖ్యమో ఆలోచించండి. మనది సరిహద్దు బ్రతుకు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగుళూరు ఆసుపత్రిలో కన్నడం, రిపోర్టులో ఇంగ్లీషు. నొప్పి మాత్రం తెలుగులోనే వస్తుంది. ఒకచోట మా అక్క ఒకామె తన బాధ సరిగా చెప్పలేకపోతే, చెయ్యి పెట్టి చూడకుండానే నొప్పి మాత్రలిచ్చి పంపారు. కోపం వచ్చింది. కానీ కోపంతో ఆగిపోలేదు. అప్పటినుండి ఎవరినీ ఒంటరిగా పంపడం లేదు. తమిళం గానీ కన్నడం గానీ బాగా వచ్చిన ఒకరిని తోడు పంపుతున్నాము. మీ ఊళ్ళో కాలేజీ చదివే పిల్లలున్నారు కదా. ఒక రోజు ఒక పెద్దమ్మకు మాట సాయంగా వెళ్ళమనండి. అది చిన్న సేవ కాదు.

దగ్గరలో ఏమున్నాయి? కృష్ణగిరిలో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. హోసూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. హోసూరు నుండి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో బెంగుళూరులో 1973లో స్థాపించిన కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కృష్ణగిరి, బర్గూరు వైపువారు వేలూరుకు కూడా వెళ్ళవచ్చు. అక్కడి సి.ఎం.సి. చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. ఒకే రాత్రి మూడు ఇళ్ళవారు ప్రసవం కష్టమై సాయం కోసం వచ్చారు. మగ డాక్టరును తమ ఆడవారిని ముట్టనివ్వము అన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. అది చూసిన ఐడా స్కడర్ అనే యువతి డాక్టరై తిరిగివచ్చి, 1900లో ఒకే ఒక మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచింది. మద్రాసు అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి 1954లో మొదలైంది. తన చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోవడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు ముప్ఫై ఏళ్ళు పట్టు విడవకుండా దాన్ని సాధించారు. ఈ రెండు ఆసుపత్రులూ ఒక ఆడమనిషి, ఇంకో ఆడమనిషి చావును చూసి ఊరుకోలేక కట్టినవే. ఆ రాత్రి ముగ్గురినీ చంపిన సిగ్గు ఇంకా మన ఇళ్ళలో ఉంది. ఇప్పుడు దాని పేరు, ఎవరికీ చూపించను అనడం.

డబ్బు సంగతి. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కింద కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల రూపాయల వరకు చికిత్స ఉంది. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ అందులోకి వస్తాయి. చాలామందికి రేషన్ కార్డు ఉంటుంది, బీమా కార్డు ఉండదు. జబ్బు వచ్చాక ఆదాయ ధ్రువపత్రం కోసం తిరగడం కంటే ఇప్పుడే తీసుకోండి. బంధువులకు ఆంధ్రలో ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉందని, అది మనకూ పనికొస్తుందని కొందరు చిత్తూరు వైపు వెళ్ళి వెనక్కి వస్తున్నారు. ఏ కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బయలుదేరకముందే అడిగి తెలుసుకోండి, ముఖ్యంగా రాష్ట్రం దాటి వెళ్ళేటప్పుడు.

ఇంటి దగ్గరికే వచ్చే సాయం కూడా ఒకటి ఉంది. ఇంటికే వచ్చి బి.పి., షుగరు చూసి మందులిచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకాన్ని, మక్కళై తేడి మరుత్తువం అనేదాన్ని, 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలుపెట్టారు. ఊళ్ళోకి వచ్చే ఆ అమ్మాయిని, గ్రామ నర్సును వాకిట్లోనుండే పంపేయకండి. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయడం జాతీయ పథకంలో ఉంది, మాకు ఎప్పుడు చేస్తారు అని అడగండి. ఇలాంటి పరీక్షకు విలువ ఉందా అని సందేహం వద్దు. బొంబాయిలో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మంది స్త్రీలను 20 ఏళ్ళు గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించిన చోట జబ్బు ముందు దశలోనే దొరికింది. 50 ఏళ్ళు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాల్లో అంత తేడా కనబడలేదు. చిన్నవయసువారు తమ ఒంటిలో వచ్చే మార్పును తామే కనిపెట్టి త్వరగా వెళ్ళడం అందుకే ముఖ్యం.

చివరగా మన ఇళ్ళ గురించి, మన సంఘాల గురించి. జబ్బు వచ్చిన భార్యను పుట్టింటికి పంపేసిన ఇళ్ళు మేము చూశాము. రొమ్ము తీసేశారని పక్కగదిలో పడుకునే భర్తలను చూశాము. రేడియేషన్ ముప్ఫై రోజులూ టిఫిన్ డబ్బా పట్టుకొని బస్సులో వెంట వెళ్ళిన భర్తను కూడా చూశాము. క్యాన్సర్ అంటదు. ఆమె వండినది తినవచ్చు, ఆమె పక్కన కూర్చోవచ్చు, బిడ్డలు ఆమెను వాటేసుకోవచ్చు. ఆపరేషన్ జరిగిన పక్క చెయ్యి వాయకుండా చెప్పిన వ్యాయామం చేయాలి, ఆ చేతితో బరువు బిందెలు మోయించకూడదు. నీళ్ళు మోసే పని ఇంకెవరైనా చేయాలి. అన్నదమ్ములూ, ఆ ఇంకెవరైనా మీరే.

విశ్వాసం గురించి కూడా దాచకుండా చెప్పాలి. స్వస్థత కూడికలో మాత్రలు వదిలేశాను అని సాక్ష్యం చెప్పినవారిని, ఆరు నెలల తరువాత మేమే ఆసుపత్రికి తీసుకెళ్ళిన సందర్భాలున్నాయి. ప్రార్థన చేయండి. మేమూ చేస్తాము, ఆపరేషన్ గది బయట మోకరించి చేస్తాము. కానీ మాత్ర మానమని చెప్పే హక్కు పాస్టరు గారికి లేదు, మాకూ లేదు. జబ్బు పాపానికి శిక్ష అని రోగి మంచం దగ్గర అనవద్దు. ఆ మాట అన్నాక ఆమె ఇంకెవరికీ తన బాధ చెప్పదు. సంఘాలు కానుకలో కొంత భాగం బస్సు చార్జీకి, బసకు పక్కన పెడితే సగంలో ఆగిపోయే చికిత్సలు కొన్ని పూర్తవుతాయి.

ఇంటికి వెళ్ళాక మీరు చేయవలసినవి మూడు. ఈ రాత్రే మీ మాత్రలు, రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టండి. ఈ నెలలో, నెలసరి అయిపోయిన వారానికి, మీ రొమ్ములు ఎలా ఉన్నాయో మీరే చూసుకోండి. నెలసరి ఆగినవారు ఏదో ఒక తేదీ పెట్టుకోండి. ఈ కూడికకు రాలేకపోయిన ఒక్క ఆడమనిషికి, అత్తకో, ఆడపడుచుకో, పక్కింటి ముస్లిం అక్కకో, తోటలో తోటి కూలికో, ఈ మాటలు చెప్పండి.

మన శూలగిరి అక్క ఇప్పుడు తోటలో పూలు ఏరే పని చేస్తోంది, బరువు మోసే పని మానేసింది. పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర. రెండూ వేరువేరు డబ్బాల్లో పెట్టుకుంది. పోయిన నెల తోటలో ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె ఆమె చెవిలో, అక్కా నాకూ ఒక గడ్డ తగులుతోంది అన్నదట. ఆ మధ్యాహ్నమే ఆ పిల్లను చెయ్యి పట్టుకొని బస్సెక్కించింది. పరీక్షలో అది క్యాన్సర్ కాదని తేలింది. ఆ పిల్ల ఒక్క రోజు కూలి పోగొట్టుకుంది, ఆ రాత్రి నిద్రపోయింది.

మీలో ఎవరికైనా అలా చెవిలో చెప్పవలసింది ఉంటే, భోజనాల తరువాత మేము ఇక్కడే వెనక గదిలో ఉంటాము. తలుపు వేసి ఉంటుంది, లోపల ఆడవాళ్ళం మాత్రమే ఉంటాము. రండి.